మహారాజశ్రీ ‘వర్తించదు’ గడి గారికి

మహారాజశ్రీ ‘వర్తించదు’ గడి గారి సముఖమునకు, విశ్వవిద్యాలయ పరిశోధన భద్రత చూసుకునేవాళ్లు నమస్కరించి రాయు విన్నపాలు. ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. తమరైతే కుశలమే. ఆచార్యులు తమ విదేశీ సంబంధాలు, ఒప్పందాలు చెప్పుకోవాల్సిన వెల్లడి ఫారంలో ప్రతి వరుసకూ చివర దర్జాగా కూర్చుని ఉన్నారు. మా సంగతే కాస్త తేడాగా ఉంది.

విదేశీ నియామకం ఏదైనా ఉందా? వర్తించదు. జీతం లేని గౌరవ ఆచార్య హోదా? వర్తించదు. ప్రయాణ ఖర్చులు ఎవరైనా పెట్టుకున్నారా? వర్తించదు. పన్నెండు ప్రశ్నలు, పన్నెండు టిక్కులు, మధ్యలో టీ కూడా చల్లారదు. ఫారం పైన ఉన్న సూచనలను వాటిని రాసినాయన తప్ప ఎవరూ చదివిన దాఖలాల్లేవు.

తమరి మహిమ తెలియాలంటే హార్వర్డ్ రసాయనశాస్త్ర ఆచార్యుడు చార్లెస్ లీబర్ కేసు చూడాలి. వూహాన్‌లోని ఒక విశ్వవిద్యాలయంతో ఆయనకు ఒప్పందం ఉందనీ, నెలకు 50,000 డాలర్ల దాకా జీతం, ల్యాబ్ పెట్టడానికి 15 లక్షల డాలర్లకు పైగా నిధులు అందులో ఉన్నాయనీ ప్రాసిక్యూషన్ చెప్పింది. 2021 డిసెంబరులో జ్యూరీ ఆయన్ను దోషిగా తేల్చింది. గూఢచర్యానికి కాదు, రహస్యాలు అమ్ముకున్నందుకూ కాదు. అధికారులకు అబద్ధం చెప్పినందుకు, పన్ను రిటర్నుల్లో ఆ ఆదాయాన్నీ, విదేశీ బ్యాంకు ఖాతానూ చూపనందుకు. అంటే వ్యవహారమంతా తమరి ఇలాకాలోనే నడిచింది. ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే మా బీరువాలో ఇంకో కాగితం చేరేది, అంతే.

తమరి మీద నిందలన్నీ నిజమని మేమూ అనం. ఎంఐటీ ఆచార్యుడు గ్యాంగ్ చెన్‌ను 2021 జనవరిలో అరెస్టు చేశారు, ఏడాది తిరిగేసరికి కేసు వెనక్కి తీసుకున్నారు. ఆయన దాచారన్న వివరాలను ఆనాటి ఫారంలో రాయాల్సిన పనే లేదని నిధులిచ్చిన శాఖ అధికారులే చెప్పారు. నిజంగానే వర్తించనిచోట టిక్కు పెట్టినవాడు కోర్టు మెట్లెక్కాడన్నమాట. చైనా తరఫు గూఢచర్యాన్నీ, సాంకేతిక చౌర్యాన్నీ పట్టుకోవడానికని 2018లో మొదలైన ‘చైనా ఇనీషియేటివ్’ను అమెరికా న్యాయశాఖ 2022 ఫిబ్రవరిలో చాలించుకుంది. ఇంటిపేరు చూసి అనుమానించడం భద్రత కాదు, బద్ధకం. ఒప్పందంలో ఏం రాసుందో చదవడానికి ఓపిక లేనివాళ్లే పాస్‌పోర్టు చూసి తీర్పు చెబుతారు.

ఆ ఒప్పందాల సంగతే చెప్పుకుందాం, తమరికి అక్కడ మంచి పలుకుబడి ఉంది. ‘ఎగుమతి నియంత్రణ చట్టాలు’ (సున్నితమైన సాంకేతికత అనుమతి లేకుండా విదేశీయుల చేతికి పోకుండా ఆపేవి) అనే వరుసలో తమరి మీద టిక్కు పెట్టి సంతకం చేస్తారు. “మాది మౌలిక పరిశోధన, అంతా ప్రచురించేస్తాం, మాకు మినహాయింపు ఉంది” అంటారు. అమెరికా నిబంధనల్లో ఆ మినహాయింపు నిజంగానే ఉంది. అయితే ఒప్పందం చివర్లో, చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంటుంది: ప్రచురణకు ముందు స్పాన్సర్ (పరిశోధనకు డబ్బిచ్చే సంస్థ) లిఖితపూర్వక ఆమోదం తప్పనిసరి. తన వాణిజ్య రహస్యం పొరపాటున బయటపడుతుందేమోనని స్పాన్సర్ కొద్దిరోజులు రాతప్రతిని చూసుకుంటానంటే ఇబ్బంది లేదు. ‘ఆమోదం’ అన్న మాట పడిందా, మినహాయింపు గోవిందా. విదేశీయులను పనిలో పెట్టుకోవద్దన్న షరతు ఉన్నా అదే గతి. ఆ తర్వాత నియంత్రిత సాంకేతిక వివరాలను పక్క బల్ల మీది విదేశీ విద్యార్థి తెరపై చూసినా చట్టం దృష్టిలో అది ఎగుమతే. పెట్టె కట్టక్కర్లేదు, ఓడెక్కించక్కర్లేదు. టెనెసీ విశ్వవిద్యాలయంలో వైమానిక దళ డ్రోన్ల కోసం ప్లాస్మా పరిశోధన చేసిన ఆచార్యుడు జాన్ రీస్ రోత్ 2008లో దోషిగా తేలింది ఈ బాపతు నేరాల్లోనే: ఒక చైనా విద్యార్థికి, ఒక ఇరాన్ విద్యార్థికి ఆ వివరాలు అందుబాటులో ఉంచారు. పడిన శిక్ష నాలుగేళ్లు.

ఇక ‘సైబర్ శిక్షణ’ వరుస. “నేను రాసేది మధ్యయుగాల చరిత్ర, నా మెయిల్ ఎవడిక్కావాలి” అని అక్కడా తమరినే ఆశ్రయిస్తారు. 2018లో అమెరికా న్యాయశాఖ ఇరాన్‌కు చెందిన మబ్నా ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థ తరఫున విశ్వవిద్యాలయాల ఖాతాల్లోకి చొరబడి సమాచారం దోచారని తొమ్మిది మందిపై అభియోగాలు మోపింది. 144 అమెరికా విశ్వవిద్యాలయాలు, ఇతర దేశాల్లో మరో 176, దాదాపు 8,000 మంది ఆచార్యుల ఖాతాలు, 31.5 టెరాబైట్ల సమాచారం. ఇంత సరుకుకీ వాడిన ఆయుధం పొగడ్త. ఎక్కడో ఒక ఆచార్యుడు రాసినట్టుగా మెయిల్ వస్తుంది: మీ వ్యాసం చదివాను, ఆసక్తిగా ఉంది, ఈ వ్యాసాలు కూడా చూడండి. లింకు నొక్కితే తమ సొంత విశ్వవిద్యాలయం లాగిన్ పేజీ లాంటిదే తెరుచుకుంటుంది. లోగో అదే, రంగు అదే, చిరునామాలో మాత్రం తేడా. “అబ్బా, లాగౌట్ అయిపోయినట్టున్నాను” అనుకుని మళ్లీ పాస్‌వర్డ్ కొడతారు. తన వ్యాసాన్ని ఒకడు చదివాడన్న సంతోషంలో ఉన్న ఆచార్యుడికి చిరునామా పట్టీ కనబడదు. అందుకే లాగిన్‌కు పాస్‌వర్డ్‌తో పాటు ఫోనుకొచ్చే కోడ్ లాంటి రెండో అంచె తాళం పెట్టమంటున్నాం. ఖాతా పోయాక పాస్‌వర్డ్ మార్చి చేతులు దులుపుకుంటే చాలదు, వచ్చిన మెయిళ్లను దానంతటదే ఇంకో చిరునామాకు పంపేసే ఫార్వర్డింగ్ నియమాలు మెయిల్ సెట్టింగ్స్‌లో ఉన్నాయేమో కూడా చూడాలి. తాళం మార్చినా కిటికీ తెరిచే ఉంటే ఏం లాభం?

విదేశీ ప్రయాణానికి ఖాళీ లాప్‌టాప్ తీసుకెళ్లమంటే తమరే, వెళ్లిపోయిన అతిథి పరిశోధకుడి ఖాతా మూశారా అంటే తమరే. ఆయన దేశం దాటి ఏడాదైనా సర్వర్‌లో ఆయన పేరు చిరంజీవిగా ఉంటుంది.

మా విన్నపం చిన్నది. తమరు కాస్త పక్కకు జరిగి, ఆ చోట ఖాళీ గీతలు ఇవ్వండి. సంస్థ పేరు, దేశం, డబ్బు ఎంత, ఏడాదికి ఎన్ని రోజుల పని, ఫలితాల మీద హక్కు ఎవరిది, ఒప్పందాన్ని రహస్యంగా ఉంచాలన్న షరతు ఉందా. ఈ ఆఖరి ప్రశ్నకు ‘ఉంది’ అని వస్తే మిగతావి చదవకముందే ఫోను చేస్తాం. స్పాన్సర్ కంపెనీ పేరు దగ్గర దాని యజమాని ఎవరు, ఆ యజమానికి యజమాని ఎవరు అని కూడా రాయించండి. ఏమీ లేనివాళ్లు ‘లేదు’ అని సొంత చేతితో రాస్తారు. టిక్కు కొట్టినంత తేలిగ్గా ఆ మాట రాయలేరని మా నమ్మకం.

ఇట్లు,
తమరి కింది వరుసలో సంతకం పెట్టేవాళ్లు

తా.క.: కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోంది. నిరుటి జవాబులను ఈ ఏటి ఫారంలో అదే నింపేస్తుందట. ఇకపై పన్నెండు టిక్కులూ ఎవరి చెయ్యీ తగలకుండానే తమరి ఒళ్లో పడతాయి. అభినందనలు.