అడగకుండా ఎక్కిస్తే ఊరుకోవాలా?

సోమవారం రాత్రి పదిన్నర. శ్రీకాకుళం జిల్లా పేజీలు ప్రెస్సుకు వెళ్లాల్సిన వేళ. మా డెస్కులో ఒక కంప్యూటరు దానంతటదే రీస్టార్ట్ అయింది. అప్‌డేట్ జరుగుతోంది, స్విచ్ ఆఫ్ చేయవద్దు అన్న ఒక్క ముక్క తప్ప తెర మీద ఇంకేమీ లేదు. ముప్పావుగంట గడిచాక తెరుచుకుంది. సగం కట్టిన పేజీ పోయింది. కింది పట్టీలో మాత్రం మేమెవరం అడగని కొత్త గుర్తు ఒకటి వచ్చి కూర్చుంది. తీసేద్దామని వెతికితే తీసేసే దారే కనిపించలేదు. ఆ రాత్రి పలాస, ఇచ్ఛాపురం వైపు వెళ్లే బండి ఆలస్యమైంది. పాఠకులకు పేపరు ఆలస్యంగా అందింది.

మా ఇబ్బంది ఒక్క రాత్రిది. మర్నాడు ఏడు రోడ్ల కూడలి దగ్గర నెట్ సెంటర్లలో వాకబు చేస్తే తెలిసింది, ఇది అక్కడ రోజువారీ బాధ అని. దరఖాస్తుకు ఆఖరి రోజు, ఆఖరి గంట. ఆమదాలవలస నుంచి బస్సులో వచ్చిన కుర్రాడు ఫీజు కట్టి ఓటీపీ కోసం చూస్తుంటే తెర నల్లబడుతుంది. మళ్లీ వెలిగేసరికి సర్వర్ మూసేస్తారు. ఆ అప్‌డేట్‌లో నిజంగా భద్రతకు పనికొచ్చేది ఎంత, ఎవరి వ్యాపారానికో పనికొచ్చేది ఎంత అన్నది సెంటరు నడిపే మనిషికీ తెలియదు, ఆ కుర్రాడికీ తెలియదు. తెలుసుకునే దారి కంపెనీ ఉంచలేదు.

ఫోన్ల సంగతి మరీ ఘోరం. ఉద్దానం నుంచి మా ఆఫీసుకు వచ్చిన ఒక పెద్దాయన తన ఫోను మా బల్ల మీద పెట్టారు. కొడుకు చెన్నైలో పని చేస్తాడు, రాత్రి పూట వీడియో కాల్‌లో మాట్లాడతాడు. "నానేటీ ముట్టుకోనేదు బాబూ. రాత్రి అప్‌డేట్ అన్నాది, పొద్దున్న సూస్తే ఇయ్యన్నీ ఉన్నాయి" అన్నారాయన. చూస్తే రెండు ఆటలు, ఒక షాపింగ్ యాప్, ఒక లోన్ యాప్. స్టోరేజ్ నిండిపోయిందని ఫోను అరుస్తోంది. చోటు కోసం ఆయన ఏం తీసేశారో తెలుసా? మనవరాలి అన్నప్రాశన ఫొటోలు. లోన్ యాప్ అలాగే ఉంది. అది తీసేయొచ్చని ఆయనకు తెలియదు. ఫోనుతో పాటు వచ్చిందంటే అది ఉండాల్సిందే కాబోలు అనుకున్నారు. ఆ రోజు డేటా కూడా ఆ డౌన్‌లోడ్లకే ఖర్చయిపోయి, కొడుకు కాల్ మధ్యలో తెగిపోయింది. ఆ రీచార్జి డబ్బు ఆయనది. ఫోను ఆయనది. ఫోనులో ఏముండాలో తేల్చింది మాత్రం ఇంకొకరు.

భద్రత కోసమే ఇదంతా, వద్దనుకుంటే తీసేసుకోవచ్చు, అడుగుతూ కూర్చుంటే జనం అప్‌డేట్లే చేసుకోరు అని కంపెనీలు అంటాయి. భద్రతా సవరణలు వెంటనే అందాలన్న మాటతో మాకు పేచీ లేదు. తాళం బాగుచేస్తానని లోపలికొచ్చినవాడు హాల్లో తన దుకాణం తెరిస్తే మాత్రం ఒప్పుకోం.

ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. 2008లో ఐట్యూన్స్ అనే పాటల సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేసుకుందామని వచ్చిన విండోస్ వాడకందారులకు యాపిల్ తన సఫారీ బ్రౌజర్‌ను ముందే టిక్కు పెట్టి అంటగట్టింది. కొన్నాళ్లు గొడవ జరిగింది, అంతే. 2009లో మైక్రోసాఫ్ట్ విండోస్‌లో డాట్‌నెట్ అనే భాగానికి పంపిన అప్‌డేట్ వెంట, మొజిల్లా సంస్థ బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్‌లోకి తన సొంత ఎక్స్‌టెన్షన్‌ను, అంటే అదనపు తోకను, చెప్పాపెట్టకుండా చేర్చింది. అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయకుండా చేసింది. ఆ ఏడాది అక్టోబరులో దాని వెంటే వచ్చిన ఇంకో ప్లగిన్‌లో భద్రతా లోపం బయటపడితే మొజిల్లా రెండింటినీ నిలిపేయాల్సి వచ్చింది. పిలవని చుట్టమే దొంగకు తలుపు తీసిందన్నమాట. అప్పుడూ అంతే. 2015లో కేబీ3035583 అనే నంబరు మాటున విండోస్ 10 ప్రచారాన్ని అప్‌డేట్‌గా పంపారు. 2016 నాటికి విండోస్ 10కి మారమంటూ తెర మీదకొచ్చే పెట్టె మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కి మూసేసినా ఒప్పుకున్నట్టే లెక్క కట్టారు. ఏ భాషలోనైనా ఇంటూ అంటే వద్దనే అర్థం. హద్దు దాటామని ఆ కంపెనీ మార్కెటింగ్ అధిపతే తర్వాత ఒప్పుకున్నారు. ఒప్పుకుని మానేశారా? లేదు. అడగకుండా ఎక్కించి, గొడవైతే సర్దుకోవచ్చు, గొడవ కాకపోతే అదే హక్కు అని పరిశ్రమ మొత్తం నేర్చుకుంది.

మన దేశంలో 2018 ఆగస్టును గుర్తు చేసుకోండి. లక్షల ఫోన్ల కాంటాక్టుల్లో ఆధార్ హెల్ప్‌లైన్ నంబరు ప్రత్యక్షమైంది. ఊరూరా గగ్గోలు. ఆధార్ సంస్థ తనకు సంబంధం లేదంది. 2014లో ఫోన్ సెటప్‌లో పొరపాటున చేర్చామని గూగుల్ చెప్పింది. నాలుగేళ్ల పాటు మన ఫోన్లలో ఏముందో మనకే తెలియలేదు. ఒక్క సారీతో ఆ కథ ముగిసింది. 2024 చివర్లో ఆండ్రాయిడ్ ఫోన్లలోకి సేఫ్టీకోర్ అనే భాగం చడీచప్పుడు లేకుండా దిగింది. తెర మీద దానికి గుర్తు కూడా లేదు. మెసేజ్‌లలో అసభ్య చిత్రాలు వస్తే హెచ్చరించడానికేనని, ఆ పరిశీలన ఫోను దాటి పోదని గూగుల్ వివరణ. అంత మంచి పనైతే ముందే చెప్పి పెట్టొచ్చుగా?

ఇక 2025. మైక్రోసాఫ్ట్ 365 (వర్డ్, ఎక్సెల్ వంటివి) వాడుతున్న కంప్యూటర్లలో తన ఏఐ సహాయకుడైన కోపైలట్ యాప్‌ను దానంతటదే ఎక్కిస్తామని ఆ కంపెనీ ప్రకటించింది. ఒక్క యూరోపియన్ ఎకనామిక్ ఏరియాకు మాత్రం మినహాయింపు! పారిస్‌లో వాడకందారుడి ఇష్టానికి విలువ ఉందట, పాతపట్నంలో లేదట. మా కోపమంతా ఇక్కడే. అడగకుండా ఎక్కించకుండా ఉండటం కంపెనీలకు చేతకాక కాదు. అడగకపోతే ఊరుకోరని తెలిసిన చోట బుద్ధిగానే ఉంటున్నాయి. మనం ఊరుకుంటామని వాటికి తెలుసు.

ఊరుకుంటే పోయేదేముంది అనేవారికి మన జిల్లా నుంచే జవాబుంది. 2017 మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ ప్రపంచాన్ని కుదిపేసినప్పుడు మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దానికి చిక్కాయి. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నంతో పాటు శ్రీకాకుళం పేరు కూడా ఆ జాబితాలో ఉంది. ఆ రంధ్రాన్ని పూడ్చే సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో విడుదల చేసింది. సమయానికి అప్‌డేట్ పడి ఉంటే ఆ తలుపు మూసుకునేది. ఈ పాఠం తర్వాత ప్రతి మనిషీ అప్‌డేట్ అంటే ఎదురుచూడాలి. కానీ ఏం జరుగుతోంది? మేం వాకబు చేసిన నెట్ సెంటర్ల వాళ్లు మొట్టమొదట చేసే పని అప్‌డేట్లు ఆపేయడం. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే అది. వాళ్లను ఎలా తప్పుపడతాం? మందులో నాలుగుసార్లు ఇంకేదో కలిపి ఇచ్చినవాడి దగ్గర అయిదోసారి ఎవరు మందు పుచ్చుకుంటారు? రేపు ఇంకో వన్నాక్రై వస్తే, అప్‌డేట్ ఆపుకున్న ఆ కంప్యూటర్లలో మన జనం ఆధార్ కాపీలు, భూమి కాగితాలు, బ్యాంకు పాస్‌పుస్తకాల స్కాన్లు ఉంటాయి. ఆ పాపం ఆపుకున్నవాడిది కాదు, ఆపుకునేలా చేసినవాడిది.

కేంద్రం అడ్డుకోవాల్సిన చోట ఏం చేసింది? 2025 నవంబరు 28న టెలికాం శాఖ సంచార్ సాథీ యాప్‌ను 90 రోజుల్లో ప్రతి కొత్త ఫోనులో పెట్టాలని, తయారై ఉన్న ఫోన్లకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా పంపాలని కంపెనీలకు ఉత్తర్వు ఇచ్చింది. పోయిన ఫోన్లు పట్టుకోవడానికి అది మంచి యాపే. ఎక్కించే పద్ధతి మాత్రం అచ్చంగా ఆ కంపెనీల పద్ధతే. కంచే చేను మేయబోయింది. దేశమంతా గగ్గోలు పుట్టాక డిసెంబరు 3న ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకున్నందుకు సంతోషం. కానీ అప్‌డేట్ దారిలో ఏదైనా పంపొచ్చని ప్రభుత్వమే ఒకసారి కాగితం మీద రాసిన మచ్చ మిగిలిపోయింది. రేపు ఏ కంపెనీనైనా నిలదీస్తే, మీరూ అదే చేయబోయారుగా అంటుంది.

చట్టాలు లేక కాదు, వాటికి ఈ చోట కన్ను లేదు. 2023 డేటా రక్షణ చట్టం సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా ఉండాలంటుంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమల్లోకి వచ్చేది 18 నెలల తర్వాత. అయినా అది వ్యక్తిగత సమాచారం గురించిన చట్టం, మన ఫోనులో ఏం ఎక్కించొచ్చో చెప్పే చట్టం కాదు. 2022 అక్టోబరులో, వ్యాపారాల్లో పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే పోటీ కమిషన్ (సీసీఐ) గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా వేసి, ముందే వచ్చే యాప్‌లను తీసేసుకునే వీలివ్వాలని ఆదేశించింది. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను ఉంచి ఆ ఆదేశాన్ని కొట్టేసింది. డబ్బు ఖజానాకు చేరింది, ఉద్దానం పెద్దాయన ఫోనుకు ఒరిగిందేమీ లేదు.

మేం కోరేది పెద్ద చదువు అక్కర్లేని సంగతి. భద్రతా సవరణ ఒక పొట్లం, మిగతాది వేరే పొట్లం. రెండోది తెలుగులో అడిగి, ఔనంటేనే ఎక్కాలి. వద్దంటే మళ్లీ నెలకు ఇంకో పేరుతో రాకూడదు. గ్రామ సచివాలయాలకు కంప్యూటర్లు కొనే రాష్ట్ర ప్రభుత్వం ఈ షరతును రేపటి టెండరులోనే రాయొచ్చు. దానికి ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. కేంద్రంలో కమ్యూనికేషన్ల సహాయ మంత్రి గుంటూరు ఎంపీ. మన శ్రీకాకుళం ఎంపీ కేంద్ర కేబినెట్‌లో ఉన్నారు. ఇద్దరిలో ఎవరైనా పార్లమెంటులో ఈ మాట ఎత్తడానికి ఇంకా ఏం జరగాలి? సొంత ఉత్తర్వును అయిదు రోజుల్లో వెనక్కి తీసుకోగలిగిన ప్రభుత్వానికి, 2008 నుంచి ఇదే పని చేస్తున్న కంపెనీలకు ఒక్క నోటీసు పంపడానికి చేతులు రావడం లేదా?