గామా కనుక్కున్నది ఏమిటి? ఫార్వర్డ్‌లో ఉన్నదొకటి, జరిగింది ఇంకొకటి

మే నెల వచ్చిందంటే మా ఫ్యామిలీ గ్రూపులో ఆ మెసేజ్ ఎవరో ఒకరు పెడతారు. ఈసారి పెట్టింది గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న మా మేనల్లుడు. మెసేజ్ సారాంశం ఇది: "1498 మే 20న వాస్కో డ గామా భారతదేశాన్ని కనుగొన్నాడు. అంతవరకూ మన దేశం ఎక్కడుందో యూరప్‌కు తెలియదు. 1453లో టర్కులు కాన్‌స్టాంటినోపుల్ పట్టుకుని దారి మూసేశారు. మాంసం కుళ్ళు వాసన కొట్టకుండా వాడే మిరియాలు దొరక్క యూరప్ వాళ్ళు సముద్రం బాట పట్టారు. ఎవరూ దాటని సముద్రాన్ని గామా ధైర్యంగా దాటాడు. అతను వచ్చాకే మనకు విదేశీ వ్యాపారం అంటే ఏమిటో తెలిసింది."

ఇందులో చాలావరకు తప్పురా అంటే, "మామయ్యా, బిట్ పేపర్లో ఇదే ఆన్సర్ కదా" అన్నాడు. వాడి తప్పేం లేదు, మేమూ బడిలో అలాగే చదువుకున్నాం. అందుకే ఒక్కో మాటా పట్టుకుని రాస్తున్నాను. తేదీ మటుకు కరెక్టే.

"యూరప్‌కు తెలియదు" అన్న మాట ముందు చూద్దాం. గామా ఓడలు కాలికట్ దగ్గర లంగరు వేశాక, ఒడ్డు మీద పరిస్థితి ఎలా ఉందో చూసి రమ్మని ఒక మనిషిని పంపారు. శిక్ష పడిన ఖైదీని పంపారు, ఏమైనా జరిగితే నష్టం లేదని. అతన్ని అక్కడి జనం ఇద్దరు ట్యునీషియా ముస్లింల దగ్గరికి తీసుకెళ్ళారు. వాళ్ళు అతన్ని చూస్తూనే స్పెయిన్ భాషలో "నిన్ను దయ్యం ఎత్తుకుపోను, ఇక్కడికెలా వచ్చావు?" అని అడిగారు. ఈ సంగతి రాసింది మనవాళ్ళు కాదు, గామాతో వచ్చిన వాళ్ళలో ఒకరు రాసుకున్న దినచర్యలోనే ఉంది. "కనుగొన్న" దేశంలో దిగిన మొదటి రోజే, తమ పొరుగు భాష మాట్లాడేవాళ్ళు ఎదురొచ్చారన్నమాట.

యూరప్ మనుషులు అంతకు ముందూ వచ్చారు. వెనిస్ వాడైన మార్కో పోలో 13వ శతాబ్దం చివర్లో మన తీరం గురించి రాశాడు. అతను 'ముత్‌ఫిలి' అన్నది మన మోటుపల్లినే. అక్కడి రాణి పాలననీ, సాలెగూడంత సన్నని బట్టనీ మెచ్చుకున్నాడు. నికొలో కోంటి 15వ శతాబ్దం మొదట్లో విజయనగరం చూశాడు. రష్యన్ వర్తకుడు నికితిన్ 1470 ప్రాంతంలో బీదర్‌లో ఉన్నాడు. అంతెందుకు, 1487లో పోర్చుగల్ రాజే కోవిల్యా అనే మనిషిని ఈజిప్టు మీదుగా రహస్యంగా పంపాడు. అతను ఏడెన్‌లో ఓడెక్కి కాలికట్, గోవా చూసి వెళ్ళాడు. ఇంకా వెనక్కి వెళితే, ఈజిప్టు రేవు నుంచి ఏటా 120 ఓడలు భారత్‌కు బయల్దేరేవని రోమన్ కాలపు భూగోళ రచయిత స్ట్రాబో రాశాడు. ఈజిప్టులోని బెరెనికే రేవు తవ్వకాల్లో ఏడు కిలోల పైచిలుకు మిరియాలున్న జాడీ బయటపడింది. ఆ జాడీ కూడా మన దేశానిదే.

ఇక 1453. ఈ కథ పాఠ్యపుస్తకాల్లో ఎంత పాతుకుపోయిందంటే, సంవత్సరాలు వరుసగా రాసి చూడాలని ఎవరికీ తోచదు. మిరియాలు యూరప్‌కు చేరే ప్రధాన మార్గం కాన్‌స్టాంటినోపుల్ కాదు. ఎర్ర సముద్రం, కైరో, అలెగ్జాండ్రియా మీదుగా వెనిస్‌కు చేరేవి. ఈజిప్టు అప్పుడు మమ్లూకు సుల్తానుల చేతిలో ఉంది. ఒట్టోమన్ టర్కులు కైరోను పట్టుకున్నది 1517లో, అంటే గామా కాలికట్‌కు వచ్చిన 19 ఏళ్ళకి. అటు పోర్చుగీసువాళ్ళు ఆఫ్రికా తీరం మీద సియూటాను పట్టుకున్నది 1415లో, అంటే కాన్‌స్టాంటినోపుల్ పడిపోవడానికి 38 ఏళ్ళ ముందు. దారి మూతపడి కాదు, ఉన్న దారిలో లాభమంతా కైరో, వెనిస్ వర్తకులకు పోతోందని వాళ్ళు బయల్దేరారు. దానికి తోడు ఆఫ్రికా బంగారం, ముస్లింల మీద మతయుద్ధం అన్న పట్టుదల.

కుళ్ళిన మాంసం కథకు రెండు వాక్యాలు చాలు. మిరియాలు కొనగలిగిన ఇంటికి తాజా మాంసం కొనడం కష్టం కాదు, మిరియాలే ఎక్కువ ఖరీదు. మాంసం నిలవ ఉంచడానికి వాళ్ళు వాడింది ఉప్పు, పొగ.

"ఎవరూ దాటని సముద్రం" అన్న మాట దగ్గర మాత్రం ఆగాలి. గామా గొప్పతనం నిజంగా ఎక్కడుందో మెసేజ్ రాసినవాళ్ళు చెప్పనే లేదు. 1497 జులైలో లిస్బన్ నుంచి నాలుగు ఓడలతో బయల్దేరాడు. ఆఫ్రికా తీరం వెంట పాకుతూ పోకుండా, గాలి వాటం చూసుకుని అట్లాంటిక్ మధ్యకు పోయాడు. దాదాపు మూడు నెలలు నేల కనపడలేదు. అది సాహసమే, అంతకు ముందు యూరప్‌లో ఎవరూ నేల కనపడకుండా అంత దూరం వెళ్ళలేదు. దానికి అతనికి దక్కాల్సిన పేరు దక్కాలి.

అరేబియా సముద్రం సంగతి వేరు. తూర్పు ఆఫ్రికాలోని మాలిందీలో అక్కడి రాజు అతనికి దారి తెలిసిన నావికుణ్ణి ఇచ్చాడు. పోర్చుగీసు చరిత్రకారుడు బారోస్ అతన్ని గుజరాత్ ముస్లిం అనీ, పేరు 'మాలెమో కానా' అనీ రాశాడు. అందులో మొదటి మాట పేరు కాదు, ఓడ నడిపే విద్య తెలిసినవాడికి ఇచ్చే బిరుదు. ఆ నావికుడు 23 రోజుల్లో మలబారు తీరం చూపించాడు. అలాంటివాడికి తెలిసిన గాలి లెక్క పట్టించుకోకపోతే ఏమవుతుందో తిరుగు ప్రయాణంలో తెలిసింది.

కాలికట్ నుంచి గామా ఆగస్టు చివర్లోనే బయల్దేరాడు. పడమరకు పోయే ఓడలు ఈశాన్య గాలి కోసం నవంబరు, డిసెంబరు దాకా ఆగుతాయని ఆ రేవులో ప్రతి సరంగుకూ తెలుసు. గామా ఆగలేదు. అక్టోబరు 5న మన తీరం వదిలితే, ఆఫ్రికా కనపడింది జనవరి 2న. వచ్చేటప్పుడు 23 రోజులు, పోయేటప్పుడు 89 రోజులు. చిగుళ్ళు వాచి పళ్ళమీదికి పెరిగిపోయి తిండి నమలలేక, కాళ్ళు వాచి, ఆ ఒక్క ప్రయాణంలోనే 30 మంది దాకా చనిపోయారు. ఒక్కో ఓడలో పని చేయగలిగిన వాళ్ళు ఏడెనిమిది మందే మిగిలారు. మనుషులు చాలక సావో రఫాయెల్ అనే ఓడను వాళ్ళే తగలబెట్టుకున్నారు. మాలిందీ నావికుడికి తెలిసిన గాలి లెక్క ఎంత విలువైనదో ఇంతకన్నా ఎవరు చెప్పగలరు? అతన్ని వదిలేసి కథ చెప్పడమే నాకు బాధ.

దీనికి జవాబుగా తిరిగే ఇంకో మెసేజ్ కూడా ఉంది. గామా ఓడకు మూడింతలు పెద్దదైన గుజరాతీ ఓడ ముందు వెళ్తుంటే, అతను వెనకాలే వచ్చాడట. దినచర్యలో అలాంటి ఓడ లేదు, గామా ఓడ ఎక్కిన నావికుడే ఉన్నాడు. మనకు అనుకూలంగా ఉందని లేనిది కలపక్కర్లేదు.

చివరిది, అన్నిటికన్నా మనసుకు కష్టం కలిగించేది: వ్యాపారం వాళ్ళు నేర్పారన్నది. కాలికట్ రాజు సామూతిరికి గామా తీసుకెళ్ళిన కానుకలు ఇవి: చారల గుడ్డ 12 ముక్కలు, ఎర్రటి తలముసుగులు 4, టోపీలు 6, పగడాల దండలు 4, చేతులు కడుక్కునే పళ్ళేలు 6, ఒక పెట్టె పంచదార, రెండు పీపాల నూనె, రెండు పీపాల తేనె. చూసిన రాజోద్యోగులు నవ్వారు. మక్కా నుంచి వచ్చే బీద వర్తకుడైనా ఇంతకన్నా ఎక్కువ ఇస్తాడు, రాజుకివ్వాలంటే బంగారం తెమ్మన్నారు. 15వ శతాబ్దం మొదట్లోనే చైనా నౌకాధిపతి జెంగ్ హె 27,000 మంది బలగంతో ఆగిన రేవు అది. అక్కడ టోపీలు ఏపాటి?

మన తీరం మాటకొస్తే, బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయ శాసనం ఉంది. అంతకు ముందు రాజులు తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు బలవంతంగా లాక్కునేవారనీ, ప్రాణం కన్నా ధనం ఎక్కువనుకుని సముద్రం మీద సాహసం చేసేవాళ్ళ మీద దయతో తాను సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో ఉంది. సుంకం ముప్పైలో ఒక వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, మిరియాలు... ఏ సరుకుకు ఎంతో వరుసగా చెక్కించారు. గామాకు రెండున్నర శతాబ్దాల ముందు, తెలుగు రేవులో, రాతి మీద.

పోర్చుగీసువాళ్ళు తెచ్చిన కొత్తదేమిటంటే సముద్రం మీద పర్మిట్. 'కర్తాజ్' అనే చీటీ కొనని ఓడను పట్టుకునేవారు. 1502లో రెండోసారి వచ్చిన గామా, మక్కా యాత్రికులతో తిరిగొస్తున్న ఓడను ఆడవాళ్ళు, పిల్లలతో సహా తగలబెట్టించాడు. డచ్చివాళ్ళు వచ్చాక కూడా ఇక్కడి సరుకు లేనిదే వాళ్ళ బండి నడవలేదు. జాజికాయ, లవంగాలు దొరికే మొలక్కా దీవుల్లో (ఇప్పటి ఇండోనేషియా) జనం అడిగింది కోరమాండల్ బట్ట, అంటే మన తూర్పు తీరం బట్ట. అందుకే 1606 నాటికే బందరులో కొట్టు పెట్టారు. ఈ తీరం మొలక్కాలకు ఎడమ చెయ్యి అనీ, ఈ బట్ట లేకపోతే అక్కడ వ్యాపారం చచ్చిందేననీ వాళ్ళ అధికారి బ్రౌవర్ 1612లో రాశాడు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, అమెరికా మిరపకాయ మనకు చేరింది పోర్చుగీసుల ఓడల్లోనే. అది కూడా గామా మొదటి ప్రయాణంలో కాదు.

1498 ఆగస్టులో గామా వెళ్ళిపోయే ముందు సామూతిరి పోర్చుగల్ రాజుకు తాటాకు మీద ఉత్తరం రాయించాడు. మీ ఇంటి మనిషి గామా మా దేశం వచ్చాడు, సంతోషం, అని మొదలుపెట్టాడు. మా దగ్గర దాల్చినచెక్క, లవంగాలు, అల్లం, మిరియాలు, రత్నాలు బోలెడు ఉన్నాయి అన్నాడు. బదులుగా తనకు కావలసినవి కూడా రాశాడు: బంగారం, వెండి, పగడాలు, ఎర్ర బట్ట.