గునుగు పువ్వు చుట్టూ ఉన్న ఖాళీకి కూలి ఎంత?

హన్మకొండలో ఇరవై రెండేళ్లుగా ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నాను. ఈ వృత్తిలో నేను కత్తిరించిన తలలకు లెక్క లేదు. నాయకుడి ఫొటో వస్తుంది. వెనక గోడ గడియారం, పక్కన ఎవరిదో సగం మొహం, భుజం మీద ఇంకెవరిదో చెయ్యి. అవన్నీ తీసేసి ఆయనను మాత్రం మిగల్చాలి. నాయకుడి చుట్టూ చేరినవాళ్లను తొలగించడం పార్టీ అధిష్ఠానాలకే చేతకాని పని. నేను రోజుకు పదిసార్లు చేస్తాను. అందువల్ల పారదర్శకత గురించి మాట్లాడే అర్హత ఈ జిల్లాలో నాకే ఎక్కువ అనుకునేవాణ్ణి, మొన్నటి భాద్రపదం దాకా.

మా అక్క కొడుకు బీటెక్ మూడో సంవత్సరం. స్నేహితులతో కలిసి బతుకమ్మ పేర్చే వీడియో గేమ్ తయారుచేస్తున్నాడు. "మామయ్యా, ఒక్క గునుగు పువ్వు కావాలి. చుట్టూ ఏమీ ఉండకూడదు, అంతే" అన్నాడు. ఏమీ లేకుండా ఉండటానికి ఎంతసేపు పడుతుందిలే అని ఒప్పుకున్నాను. నాలుగు రోజులు పట్టింది.

మొదటి రోజు మా డాబా మీద తెల్ల దుప్పటి పరిచి పువ్వుకు ఫొటో తీశాను. గునుగు కూడా తెలుపే, కొసన కాస్త గులాబి. బొమ్మలు దిద్దే గింప్ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఒకే రంగున్న చోటంతా ఎంచుకునే మంత్రదండం పట్టి దుప్పటి మీద నొక్కి చెరిపితే దుప్పటితోపాటు పువ్వూ పోయి కాడ మిగిలింది. రెండో రోజు అక్క నీలం చీర పరిచాం. ఈసారి పువ్వు చక్కగా విడివడింది. రబ్బరుతో చీరను చెరిపితే కింద తెల్లరంగు వచ్చింది. బొమ్మకు ఆల్ఫా ఛానల్ జోడించలేదట. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు రంగుల ఛానళ్లకు తోడు నాలుగోది ఇది. బొమ్మలోని ప్రతి చుక్క, అంటే పిక్సెల్, ఎంతమేరకు ఉన్నదో 0 నుంచి 255 దాకా మార్కులు వేస్తుంది. 0 అయితే లేనట్టు, 255 అయితే పూర్తిగా ఉన్నట్టు. 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ క్యాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. లేనితనాన్ని 256 మెట్లుగా విభజించడం మన కార్యాలయాల్లో అంతకు చాలా ముందే ఉంది. అయ్యగారు ఇప్పుడే బయటికి వెళ్లారు, భోజనానికి వెళ్లారు, క్యాంపులో ఉన్నారు, సెలవులో ఉన్నారు, బదిలీ అయ్యారు. పేటెంటు తీసుకోవాలని మాత్రం మనవాళ్లకు తోచలేదు.

ఛానల్ జోడించి, చీర చెరిపి, ఖాళీని ఖాళీగానే దాచే పీఎన్‌జీ అనే రకం ఫైలుగా దాచి ఫోనులో పంపాను. వాడికి చేరేసరికి అది జేపీఈజీ అనే మామూలు ఫొటో ఫైలు అయిపోయింది. జేపీఈజీకి ఆల్ఫా ఛానల్ ఉండదు కాబట్టి నా శూన్యమంతా దారిలోనే రాలిపోయింది. ఫొటోగా కాదు, డాక్యుమెంటుగా పంపాలట. ఏమీ లేనిదాన్ని పంపాలన్నా కాగితాలు సరిగ్గా ఉండాలి.

అసలు అవమానం మూడో రోజు జరిగింది. గేమ్‌లో బతుకమ్మ దగ్గరగా ఉన్నంతసేపు పువ్వు ముచ్చటగా ఉంది. కెమెరా వెనక్కి జరగగానే ప్రతి గునుగు చుట్టూ నీలం గీత తేలింది. చీర మొత్తం చెరిపేశాను కదా అని నేను, గీత కనిపిస్తోంది కదా అని వాడు. చివరికి తెలిసిందేమిటంటే, నేను చెరిపింది చీరను కాదు, చీర కనబడటాన్ని. ఆల్ఫా 0 అయినా ఆ చుక్కలో నీలం రంగు అలాగే కూర్చుని ఉంటుంది. దూరం నుంచి చూపించడానికి గేమ్ 512 చుక్కల వెడల్పున్న బొమ్మకు 256, 128, 64 అంటూ సగానికి సగం చిన్న నకళ్లు తయారుచేసుకుంటుంది. ఆ నకళ్లను మిప్‌మ్యాప్‌లు అంటారు. సగం చేసేటప్పుడు పక్కపక్క చుక్కల రంగులు కలిసిపోతాయి. దాక్కున్న నీలం అప్పుడు అంచులోకి పాకుతుంది.

నా వృత్తి గౌరవం కోసం ఒక మాట చెప్పాలి. ఫ్లెక్సీలో ఈ గీతను ఎవరూ తప్పు పట్టలేదు. ఒకసారి తెల్ల గోడ ముందు తీయించుకున్న నాయకుడిని తొందరలో కత్తిరిస్తే తల చుట్టూ తెల్లటి అంచు మిగిలిపోయింది. క్షమాపణ చెప్పడానికి వెళ్లాను. ఆయన అనుచరుడు నా చేతులు పట్టుకుని, "అన్న తల వెనక ఆ తేజస్సు భలే పెట్టావు, ఇకమీదట ప్రతిదాంట్లో పెట్టు" అన్నాడు. అప్పటినుంచి ఆ లోపానికి అదనంగా రెండు వందలు తీసుకుంటున్నాను.

పువ్వుకు తేజస్సు అక్కర్లేదట. మందు ఏమిటంటే, పువ్వు రంగునే అంచు దాటించి బయటి ఖాళీలోకి పూయాలి. ఆల్ఫాను ముట్టుకోకూడదు. అంటే ఎవరికీ ఎప్పటికీ కనిపించని చోటికి రెండు పూటలు రంగు వేశాను. జీవితంలో ఇంత నిజాయితీగా ఏ పనీ చేయలేదు. ఒక కార్యాలయానికి పది అడుగులు ఇంటూ ఎనిమిది అడుగుల "పారదర్శక పాలన" ఫ్లెక్సీ నేనే చేశాను. లోపలి గుమాస్తాలు కనిపించే ఒకే ఒక్క కిటికీకి దాన్ని అడ్డంగా కట్టారు. అక్కడ రంగు అంచు దాటిందా లేదా అని ఎవరూ అడగలేదు.

ఇంటర్నెట్టులో దొరికే పారదర్శక బొమ్మలూ ఆ జాతివే. తామర పువ్వు ఒకటి దించుకున్నాం. వెనక బూడిదరంగు, తెలుపు గళ్లు. ఆ గళ్లు ఉంటే ఖాళీ అని అర్థం కదా అని సంతోషించి తెరిస్తే, గళ్లు కూడా బొమ్మలో భాగమే! ఎవరో శ్రద్ధగా పారదర్శకతను ముద్రించి పెట్టారు.

నాలుగో రోజు మావాడు రెండు దారులు చెప్పాడు. ఒకటి, ఆల్ఫా సగానికి తక్కువున్న చుక్కను లేనట్టే లెక్కించడం. అలా చేస్తే గునుగు నూగంతా రాలిపోయి గింజలు ఒలిచిన మొక్కజొన్న కంకిలా తయారైంది. రెండోది, వెనకదానితో కలిపి చూపించడం. అందులో నూగు నిలుస్తుంది కానీ, దూరంగా ఉన్నవాటిని ముందు, దగ్గరవాటిని తర్వాత గీయాలి. వరస తప్పితే వెనక పువ్వు ముందు పువ్వును తోసుకుని వస్తుంది. ఇది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎవరి ఫొటో వెనక, ఎవరిది ముందు, ఎవరు ఎవరి భుజాన్ని కప్పవచ్చు అన్నది మా వృత్తిలో ప్రొటోకాల్. దానిలో పొరపాటుకు రాత్రికి రాత్రి ఫ్లెక్సీలు చిరిగాయి. కంప్యూటర్ ఇంకా ఈ విద్యలో తడబడుతోందంటే నా ఉద్యోగానికి ఢోకా లేదు.

ఇక కూలి సంగతి. 512 చుక్కల పొడవు, అంతే వెడల్పు, చుక్కకు నాలుగు బైట్లు. కుదించకపోతే సరిగ్గా ఒక మెగాబైటు. అందులో పువ్వు సన్నని పుల్లంత, మిగిలినదంతా ఖాళీ. ఆ ఖాళీ కూడా చుక్కకు నాలుగు బైట్ల చొప్పున చోటు తింటుంది. 1163లో కట్టిన వేయిస్తంభాల గుడిలో రాతి జాలీలు చూడండి. ఆ శిల్పులకు రాయికి మాత్రమే కూలి ఇచ్చి ఉంటే, చిల్లులు ఎవరు తొలిచేవారు? అందుకే బిల్లు ఇలా రాశాను: గునుగు పువ్వు, ఉచితం. దాని చుట్టూ ఖాళీ, 1,500 రూపాయలు.

డబ్బు ఇవ్వాల్సింది అక్క. సరుకు చూపించమంది. ఫోనులో బొమ్మ తెరిచి ఇచ్చాను. ఆ ఫోను ఖాళీ చోట్లను తెల్లగా చూపిస్తుంది, పువ్వూ తెలుపే. అక్క కళ్లజోడు పెట్టుకుని ముందుకూ వెనక్కీ జరిపి చూసింది. తెర మధ్యలో కాస్త గులాబి మరక కనిపిస్తే, చీర కొంగుతో రెండుసార్లు గట్టిగా తుడిచింది.

"ఇందులో ఏమీ లేదు కదరా" అంది.