అన్ని దద్దుర్లూ వైరస్‌వేనా?

కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవాళ్ళలో కొందరికి వైరస్ వల్ల దద్దుర్లు వస్తాయని మీ వ్యాసంలో రాశారు, నిజమేనండి. 2020లో ఇటలీ వైద్యులు 88 మందిని చూస్తే 18 మందికి వచ్చాయి. కానీ మందుల వల్ల వచ్చే దద్దుర్లు కలవకుండా, అంతకుముందు 15 రోజుల్లో కొత్త మందు వాడినవాళ్ళను ఆ లెక్కలోంచి ముందే తీసేశారు. మీరు ఆ ముక్కే వదిలేశారు.

2021 మే నెలలో కోవిడ్ వచ్చిన మా నాన్నగారిని అమలాపురం నుంచి కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఐదో రోజు బనియను ఎత్తి చూస్తే వీపంతా ఎర్రగా, కందిరీగలు కుట్టినట్టు! మా మేనత్త ఫోన్‌లోనే ‘అమ్మవారు పోసిందిరా, వేపమండలు పెట్టు’ అంది. నేను చెమటకాయలనుకున్నాను, ఆ ఉక్కకి ఎవరికి రావు? డాక్టరుగారు కేస్ షీట్ తిరగేసి, కొత్తగా మొదలుపెట్టిన యాంటీబయాటిక్ ఆపించారు. నాలుగు రోజుల్లో తగ్గిపోయాయి. మందు వల్లో, వైరస్ వల్లో ఆయన కూడా తేల్చి చెప్పలేదు లెండి.