పేరు చూసి 15 పాయింట్లు కోత

ఆగ్రీ బర్క్ మీద మీరు రాసిన వ్యాసం బాగుందండీ. జమైకాలో పుట్టి, బ్రిటన్‌లో తొలి నల్లజాతి కన్సల్టెంట్ సైకియాట్రిస్ట్ (సీనియర్ మానసిక వైద్యుడు) అయ్యారని వివరంగా రాశారు. కానీ అసలు సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు. లండన్ సెయింట్ జార్జ్స్ మెడికల్ కాలేజీలో పాఠాలు చెబుతూనే, అక్కడి అడ్మిషన్ల గుట్టును 1986లో సహోద్యోగి జో కోలియర్‌తో కలిసి బయటపెట్టారాయన. దరఖాస్తులు వడపోసే కంప్యూటర్ ప్రోగ్రాం, యూరోపియన్ కాని పేరు కనిపిస్తే 15 పాయింట్ల దాకా కోసేసేది. అమ్మాయిలకైతే సగటున 3. మన వెంకట సుబ్బారావులకు ఇంటర్వ్యూ పిలుపు వచ్చేదంటారా? పాపం ప్రోగ్రాం తప్పేముంది, అంతకుముందు మనుషులు ఎలా ఎంపిక చేసేవారో అచ్చం అలాగే చేసేలా రాశారు దాన్ని. 1988లో బ్రిటన్ జాతి సమానత్వ కమిషన్ కాలేజీదే తప్పని తేల్చింది. జీతమిచ్చే చోటే వేలెత్తి చూపాలంటే నాకైతే గుండె చాలదు.