మెట్రోనిడజోల్ అన్నిటికీ మందు కాదు

పిల్లికి విరేచనాలైతే పాలు మాన్పించి మెట్రోనిడజోల్ (ఒక యాంటీబయాటిక్) వేయమన్నారు ఒక వ్యాసంలో. పాలు మాన్పించడం సరే, చాలా పిల్లులకు అవి అరగవు. కానీ విరేచనాలు మూడు వారాలు దాటితే కథ వేరు. మా పర్షియన్ కూనకు ఆ మందు వేసినన్నాళ్లూ తగ్గేది, ఆపగానే మళ్లీ మొదలు. మలంలో జిగురు, అక్కడక్కడా నెత్తుటి చార, మలవిసర్జన ట్రే దాకా వెళ్లేలోపే చుక్కలు. తిండి మాత్రం శుభ్రంగా తినేది! చివరికి మలంలో క్రిమి డీఎన్ఏ వెతికే పరీక్ష పీసీఆర్‌లో ట్రైట్రైకోమోనాస్ అనే పేగు పరాన్నజీవి అని తేలింది. దానికి పనిచేసేది రోనిడజోల్. అదీ డాక్టరు బరువు చూసి ఇవ్వాల్సిందే, మోతాదు మించితే నరాల మీద దెబ్బ. మైక్రోస్కోపు పరీక్షకైతే తాజా మలమే తీసుకెళ్లండి, ఫ్రిజ్‌లో పెడితే ఆ క్రిములు చచ్చిపోతాయి. ముసలి పిల్లులకు విరేచనాలు తగ్గకపోతే థైరాయిడ్, విటమిన్ బి12 పరీక్షలు కూడా చేయమని అడగండి.