తోక మింగిన వాక్యం

గొణగడం, సణగడం, నసగడం. స్పష్టంగా మాట్లాడకపోవడమే కదా అని మూడింటినీ ఒకే గాటన కట్టేస్తాం. అన్యాయం. గొణిగేవాడికి శ్రోత అక్కర్లేదు. సణిగేవారికి పక్కగదిలో వినబడితే చాలు, సాక్ష్యం మాత్రం దొరక్కూడదు. నసిగేవాడి ఎదుట, అడిగినవాడు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. అంచేత మొదటి రెండూ అలవాట్లు, మూడోది ఉద్యోగం.

ఈ ఉద్యోగానికి తెలుగు వ్యాకరణమంత అండ ఇంకేదీ లేదు. మన వాక్యంలో అవునో కాదో తేలేది చిట్టచివర. తోక మింగేస్తే చాలు, అబద్ధమాడిన పాపం కూడా అంటదు. ఇంగ్లీషువాడికి ఈ సుఖం లేదు, పాపం. వాడి 'నాట్' వాక్యం నడుమే అడ్డం పడుతుంది.

మొన్న ఒక కార్యాలయంలో నా ఫైలు సంగతి అడిగాను. "పై ఆఫీసుకి పంపించ..." అన్నారు గుమస్తాగారు. మిగతాది టీతోపాటు లోపలికి పోయింది. పంపించామన్నారా, పంపించలేదన్నారా? మళ్లీ అడిగాను.

"చెప్పాను కదండీ!"

ఇది మాత్రం వరండా చివరి బెంచీ దాకా వినబడింది.

2005లో సమాచార హక్కు చట్టం వచ్చి, 30 రోజుల్లో జవాబివ్వాలంటే నసుగుడికి రోజులు చెల్లాయనుకున్నాం. ఆ చట్టం కింద అర్జీ పెడితే నాకు జవాబొచ్చింది: "విషయం పరిశీలనలో ఉన్నది." నసుగుడిని టైపు కూడా చేయొచ్చని అప్పుడే తెలిసింది. కింద సంతకం ఉంది, అదీ నసిగినట్టే ఉంది.

తోక విలువ తెలిసిన సంస్థ ఒక్కటే, స్టాక్ మార్కెట్‌ని అదుపులో పెట్టే సెబీ. మ్యూచువల్ ఫండ్ ప్రకటన చివర నష్టభయం గురించి చెప్పే ముక్కకి కనీసం కొన్ని సెకన్లు ఇవ్వాలని నియమం పెట్టింది. అందులో సగం ఊపిరి తీసుకోవడానికే పోతుందనుకోండి, అది వేరే సంగతి.

అందుకే ఒక సూచన రాసి ఇచ్చాను. ఇకపై కార్యాలయాల్లో తోక ముందు, తల వెనక మాట్లాడాలి: "లేదు, పంపించ." భాష కొంచెం వంకర పోతుంది. పోనీండి, పని అవుతుందో కాదో ముందే తెలుస్తుంది, బస్సు ఛార్జీలు మిగులుతాయి.

నెల తర్వాత వెళ్లి, నా సూచన ఏమైందని అడిగాను.

"రిజిస్టరులో ఎక్కించ..." అన్నారు.